పొయ్యి వెలిగించని మిఠాయి

“తాతయ్యా! ఇవాళ మీ అందరికీ నేను స్వీటు చేసిపెడతాను. స్టవ్ కూడా వెలిగించక్కర్లేదు, తెలుసా!” అంది మా మనవరాలు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం నుంచి వేసవి సెలవులకి వచ్చిన పధ్నాలుగేళ్ళ పిల్ల. మే నెల. ఏలూరు ఎండ సంగతి వేరే చెప్పాలా? అలాంటి రోజున పొయ్యి వెలిగించకుండా మిఠాయి చేస్తానన్న మనిషిని కాదనే ధైర్యం మా ఆవిడకే కాదు, ఎవరికీ ఉండదు. వంటిల్లు దానికి అప్పగించి, చెరో కుర్చీ లాక్కుని కూర్చున్నాం, చోద్యం చూడ్డానికి.

పెట్టెలోంచి ఒక సీసా తీసింది. పీనట్ బటర్. మరేం లేదు, వేయించిన వేరుశెనగపప్పు వెన్నలా నూరిన ముద్ద. ఒక కప్పు ముద్దలో అరకప్పు వెన్న వేసింది. కరిగించి వెయ్యాలిట గాని, మే నెల గనక వెన్న దానంతటదే కరిగి సిద్ధంగా ఉంది. కప్పుడు మేరీ బిస్కెట్ల పొడి, కప్పున్నర చక్కెర పొడి చేర్చి చపాతీ పిండిలా కలిపింది. పళ్ళెంలో పరిచి అరచేత్తో అదిమింది. తర్వాత చాక్లెట్ ముక్కలు ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెని తీసుకెళ్ళి డాబా మీద ఎండలో పెట్టి వచ్చింది! కాసేపట్లో చాక్లెట్ పాకమై కూర్చుంది. అందులో రెండు చెంచాల వేరుశెనగ ముద్ద కలిపి, పళ్ళెంలో పరిచినదాని మీద పోసి, గరిటె వెనకవైపుతో సాపుచేసి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

“రెండు గంటలాగితే గట్టిపడుతుంది అమ్మమ్మా. చాకుతో బిళ్ళలు కోసుకోవడమే. దీన్ని ‘నో బేక్’ అంటారు” అంది, చేతులు దులుపుకుంటూ.

“బేక్ అంటే?”

“ఓవెన్‌లో పెట్టి కాల్చడం.”

“అదేమిటే! మన ఇళ్ళల్లో ఓవెన్ ఎప్పుడుంది గనక? అరిసెలూ, సున్నుండలూ, పూతరేకులూ అన్నీ నో బేకే కదుటే!”

మా ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. రొట్టెలు కాల్చుకునే దేశాల్లో మిఠాయి అంటే ముందు ఓవెన్ గుర్తొస్తుంది. అందుకని ఓవెన్ అక్కర్లేనిదానికి ఒక ప్రత్యేకమైన పేరు కావలసి వచ్చింది. మనకి ఓవెన్ మాట అటుంచి, అసలు పొయ్యే అక్కర్లేని తీపి పదార్థాలు కూడా ఉన్నాయి. నాగుల చవితి నాటి చిమ్మిలి ఉంది గదా? నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచి ఉండ చెయ్యడమే. తడిపిన బియ్యప్పిండితో చేసే పచ్చి చలిమిడీ అంతే. పాము పుట్టకి పెట్టే నైవేద్యానికి నిప్పుతో పనేమిటి?

సరే, రెండు గంటలు గడపాలి. పిల్ల ఊరికే కూర్చోదు. “తాతయ్యా, నువ్వు హిస్టరీ మేష్టారివి గదా, దీనికి హిస్టరీ చెప్పు చూద్దాం” అని సవాలు చేసింది. రిటైరైన మేష్టారిని పాఠం చెప్పమని అడగడమంటే ఎండాకాలంలో మజ్జిగ చేతికివ్వడం లాంటిది. మొదలుపెట్టాను. ఆ రోజు దానికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను, చిత్తగించండి.

ఆ పళ్ళెంలో పైనున్న చాక్లెట్టూ, కిందనున్న వేరుశెనగా రెండూ ఒక పుట్టింటి ఆడపడుచులే. ఇద్దరి పుట్టిల్లూ దక్షిణ అమెరికా. ఈనాటి బొలీవియా, అర్జెంటీనా దేశాల ప్రాంతంలో రెండు అడవి మొక్కల సంకరం వల్ల వేరుశెనగ పుట్టిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఎగువ అమెజాన్ అడవులది కోకో చెట్టు. ఈక్వెడార్‌లో 5,300 ఏళ్ళనాటి పాత్రల్లో కోకో ఆనవాళ్ళు దొరికాయని 2018లో ప్రకటించారు.

మనం కాలక్షేపానికి పొట్లం కట్టించుకునే వేరుశెనగ కాయకి అక్కడెంత గౌరవమో చూడండి. 1987లో పెరూ దేశపు ఉత్తర తీరాన సిపాన్ అనే చోట, వాల్టర్ ఆల్వా అనే పురావస్తు పరిశోధకుడు మోచే జాతి ప్రభువు సమాధిని తవ్వించాడు. పదిహేను వందల ఏళ్ళు పైబడిన సమాధి. ప్రభువు మెడలో హారం. ఆ హారంలో పూసలేమిటనుకున్నారు? వేరుశెనగ కాయలు! పది బంగారువి, పది వెండివి. నొక్కులతో సహా అచ్చం కాయలాగే మలిచారు. మన గుళ్ళో దేవుడికి కాసులపేరు ఎలాగో, వాళ్ళ ప్రభువుకి శెనక్కాయల పేరు అలాగ.

ఇక ఈ రెండింటి చుట్టరికం బయటపడేది పేర్లలో. మెక్సికోలో అజ్టెకులకి కోకో గింజ మహా ప్రియమైనది. నూరి, నీళ్ళలో కలిపి, నురుగొచ్చేలా చిలికి తాగేవారు. బజారులో నాణెంగా కూడా చెల్లేది. వాళ్ళ నహువాత్ల్ భాషలో ఆ గింజ పేరు కకావాత్ల్. దక్షిణాది నుంచి వేరుశెనగ వాళ్ళ దేశానికి వచ్చినప్పుడు దీన్నేమని పిలవాలన్న ప్రశ్న వచ్చింది. ‘త్లాల్‌కకావాత్ల్’ అన్నారు. అంటే ‘నేల కోకో’. స్పెయిను వాళ్ళు ముందున్న ‘నేల’ని కొట్టేసి ‘కకావాతే’ అన్నారు. ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ వేరుశెనగని ‘కకావెత్’ అంటారు. పేరు పెట్టి పిలిస్తే కోకో పలుకుతుందన్నమాట!

నవ్వకండి. మనమూ అదే పని చేశాం. సముద్రాలు దాటి ఈ గింజ మన ఊళ్ళకి వచ్చినప్పుడు మనకి తెలిసిన గింజ శెనగ. భూమిలోంచి పెరికితే వేళ్ళకి కాసినట్టు కనిపించింది. ‘వేరుశెనగ’ అన్నాం. తమిళులు వేర్కడలై అన్నారు, నిలక్కడలై అన్నారు. వాళ్ళ మాటకీ అర్థం వేరు శెనగ, నేల శెనగ అనే. కొత్త కోడలు గడపలో అడుగుపెడితే మన పెద్దవాళ్ళు ముందు “ఎవరమ్మాయివమ్మా?” అని పాత చుట్టరికం ఏదో ఒకటి కలిపేసుకుంటారు చూడండి, అదీ పద్ధతి. అజ్టెకు ముసలమ్మా తెలుగు ముసలమ్మా ఒకరినొకరు చూడకుండానే ఒకేలాగ ఆలోచించారు.

నిజానికి వేరుశెనగ వేరుకి కాయదు. పువ్వు భూమి పైనే పూస్తుంది. పూత రాలాక దాని అడుగునుంచి ఒక కాడ కిందకి సాగి మట్టిలో దిగుతుంది. మన రైతులు దాన్ని ఊడ అంటారు, మర్రి ఊడలాగ. ఆ ఊడ కొసన, మట్టి చీకట్లో, కాయ ఊరుతుంది. ఈ ఊడని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఒక పుట్టింటివాళ్ళే అయినా ఇద్దరూ వెళ్ళిన దారులు వేరు. కోకోది రాజమార్గం. 1519లో కోర్టెజ్ మెక్సికోలో దిగిన తర్వాత స్పెయిన్ రాజాస్థానం చేరింది, అక్కణ్ణించి తక్కిన ఐరోపా ప్రభువుల వెండి కప్పుల్లోకి ఎక్కింది. 1753లో లిన్నేయస్ పండితుడు దానికి లాటిన్‌లో పేరు పెడుతూ ‘దేవతల ఆహారం’ అన్నాడు. వేరుశెనగకి మాత్రం ‘భూగర్భంలోది’ అని అర్థం వచ్చే పేరు పెట్టి ఊరుకున్నాడు. పండితుల దగ్గర కూడా పక్షపాతమే!

వేరుశెనగది బానిసల మార్గం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు దాన్ని ఆఫ్రికా పడమటి తీరానికి చేర్చారు. ఆ జనం అలాంటి గింజనొకదాన్ని అప్పటికే భూమిలో పండించుకుంటున్నారు గనక వెంటనే అక్కున చేర్చుకున్నారు. ఆ తర్వాత అదే జనాన్ని గొలుసులతో కట్టి ఓడలకెక్కించారు. వాళ్ళతో పాటు వేరుశెనగా ఎక్కింది. దక్షిణ అమెరికాలో పుట్టిన గింజ అమెరికా దక్షిణ రాష్ట్రాలు చేరడానికి ఆఫ్రికా చుట్టి రావలసి వచ్చింది, అదీ బానిసల ఓడల్లో! కాంగో ప్రాంతపు భాషలో వేరుశెనగని ‘ఎన్‌గూబా’ అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈనాటికీ ‘గూబర్’ అంటారు. ఆ ఓడల్లో దిగినవాళ్ళకి వాళ్ళ పేర్లు మిగల్లేదు గాని, వాళ్ళు తిన్న గింజకి మాత్రం పేరు మిగిలింది.

ఇక్కడ మనవరాలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “మరి ఇద్దరూ ఎప్పుడు కలిశారు తాతయ్యా?” అంది, వాళ్ళని మనుషులుగానే లెక్కేసి.

కలవడానికి ముందు ఇద్దరి అవతారాలూ మారాలి. చాక్లెట్ అప్పటికింకా తాగేదే. 1828లో హాలండ్‌లో వాన్ హౌటెన్ వాళ్ళు కోకోలోంచి కొవ్వుని పిండి తీసే యంత్రానికి హక్కులు పొందారు. అలా తీసిన కొవ్వుని కోకోలో మళ్ళీ ఎక్కువ కలిపితే అచ్చులో గట్టిపడుతుందని గ్రహించి, 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీవారు తినే చాక్లెట్ చేశారు. 1875లో స్విట్జర్లాండులో డానియల్ పీటర్ అందులో పాలు చేర్చాడు. ఈ కొవ్వులో ఒక గమ్మత్తుంది. 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అంచేత చల్లని దేశంలో చేతిలో గట్టిగా ఉంటుంది, నోట్లో వేసుకుంటే కరుగుతుంది. మా ఏలూరులో మాత్రం నోటిదాకా ఆగదు.

వేరుశెనగ ముద్ద సంగతికొస్తే, 1884లో కెనడాలో మాంట్రియల్‌కి చెందిన మార్సెలస్ ఎడ్సన్ అనే ఆయన మిఠాయిల కోసమని అలాంటి ముద్దకి అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. 1895లో మిషిగన్‌లోని బాటిల్ క్రీక్ ఆరోగ్యశాలలో డాక్టర్ కెల్లాగ్ మాంసానికి బదులుగా రోగుల కోసం గింజల ముద్ద తయారుచేసే పద్ధతికి దరఖాస్తు పెట్టాడు. పీనట్ బటర్ కనిపెట్టినవాడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అని చాలామంది అనుకుంటారు. నేనూ ఒకప్పుడు పిల్లలకి అలాగే చెప్పాను, క్షమించాలి. ఆయన చేసింది అంతకంటే పెద్ద పని. బానిసత్వంలో పుట్టి, చదువుకుని, టస్కెగీ విద్యాసంస్థలో ఆచార్యుడై, పత్తి వేసివేసి చవుడైన నేలల్లో వేరుశెనగ వెయ్యండర్రా, నేల బాగుపడుతుంది, మీకు తిండీ దొరుకుతుందని పేద నల్లరైతులకి చెప్పాడు. పండినదాన్ని ఏం చేసుకోవాలంటారా? 1916లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి 105 రకాల వంటలు రాసిచ్చాడు.

అయినా ముద్దకి ఒక జబ్బుండేది. నిలవుంచితే నూనె పైకి తేలి, పిప్పి అడుగున పేరుకునేది. మన కొబ్బరి పచ్చడీ ఆవకాయా చూసినవాళ్ళకి ఇందులో వింతలేదు, కలుపుకుంటాం. అమెరికావాళ్ళకి కలుపుకునే ఓపిక లేదు. 1922లో కాలిఫోర్నియాలో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ నూనెలో కొంతభాగం గట్టిపడేలా చేసి ఆ జబ్బు కుదిర్చాడు. ఇక సీసాలు ఊరూరా దుకాణాల్లో వెలిశాయి.

ఇద్దరూ జంటగా పేరుకెక్కింది పెన్సిల్వేనియాలో. హెర్షీ చాక్లెట్ వారి పాల డెయిరీలో పనిచేసిన హారీ రీస్ అనే ఆయన ఉన్నాడు. పదహారుమంది పిల్లల తండ్రి. జీతం చాలక 1923లో సొంతంగా మిఠాయిల కంపెనీ పెట్టాడు. రకరకాలు చేశాడు. 1928లో చాక్లెట్ గిన్నెలో వేరుశెనగ ముద్ద నింపి అమ్మాడు. ఒక్కటి ఒక్క సెంటు. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెరకి కరువొచ్చింది. తక్కిన మిఠాయిలన్నీ మానేసి, చక్కెర తక్కువ పట్టే ఈ ఒక్కదాన్నే పట్టుకున్నాడు. ఆయన 1956లో పోయాడు. 1963లో కొడుకులు కంపెనీని హెర్షీ వారికే ఇచ్చేశారు, 2 కోట్ల 35 లక్షల డాలర్లకి! ఇల్లు గడవక మొదలుపెట్టిన పని.

మరి ఇది ఇళ్ళల్లోకి ఎలా వచ్చింది? ఫ్రిజ్ వెంట వచ్చింది. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ వారి ‘మానిటర్ టాప్’ వచ్చాక మధ్యతరగతి వంటిళ్ళల్లో ఫ్రిజ్ అడుగుపెట్టింది. ఓవెన్ వెలిగిస్తే ఇల్లంతా ఉడికిపోయే వేసవిలో, చల్లబెట్టి గట్టిపరిచే వంటలకి గిరాకీ పెరిగింది. ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరే తల్లులకీ, పొయ్యి దగ్గరికి పంపడానికి వీల్లేని పిల్లలకీ ఇంతకంటే సులువైన వంట ఏముంది? కెనడాలో నానైమో ఊరి ఆస్పత్రి మహిళా సంఘం 1952లో వేసిన వంటల పుస్తకంలో ఇలాంటి కాల్చని చాక్లెట్ బిళ్ళలున్నాయి. ఇప్పుడు ఆ ఊరి పేరు మీదే చలామణీ అవుతున్నాయి. 1946లో అమెరికాలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి చట్టం వచ్చింది. మిగులు పంటలోంచి ప్రభుత్వం ఇచ్చే వేరుశెనగ ముద్ద బడుల వంటిళ్ళకి చేరింది. మా మనవరాలి ఒహాయోలో అయితే వేరుశెనగ ఉండని చాక్లెట్‌లో ముంచి, ఆ రాష్ట్రపు చెట్టుకాయ పేరుతో ‘బకై’ అని పిలుచుకుంటారు.

“అంటే వేల ఏళ్ళ హిస్టరీ, పావుగంట పని!” అంది మనవరాలు గర్వంగా.

అంతవరకూ బియ్యంలో రాళ్ళేరుతూ వింటున్న మా ఆవిడ తలెత్తింది. “పావుగంట నీది. ఆ పప్పు వేయించిందెవరు? ఆ బిస్కెట్టు కాల్చిందెవరు? చెరుకురసం కాచిందెవరు? పొయ్యి లేదంటావేం, ఎక్కడో వెలిగించే ఉంటారు” అంది.

ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పిన నాకు తట్టని మాట అది. కోకో గింజనే తీసుకోండి. కాయ కోసి, పగలగొట్టి, గింజల్ని గుజ్జుతో సహా అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాలి. అది లేనిదే చాక్లెట్ వాసనే రాదు. ఆ పని చేసినవాళ్ళెవరు? సావ్ టోమే దీవుల కోకో తోటల్లో బానిసలున్నారన్న సంగతి రచ్చకెక్కి, 1909లో క్యాడ్‌బరీ వారు అక్కడి గింజ కొనడం మానేశారు. ఇప్పుడు లోకంలో సగానికి పైగా కోకో ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. ఆ తోటల్లో పసిపిల్లల చాకిరీ మాన్పిస్తామని పెద్ద కంపెనీలు సంతకాలు పెట్టింది 2001లో. ఈనాటికీ పూర్తిగా మాన్పించలేదు.

అంత దూరం ఎందుకు? మా ఏలూరు చుట్టూ కొబ్బరితోటల నీడన కోకో కాస్తోంది. ఆ గింజ ధర 2024లో ఎన్నడూ లేనంతగా ఆకాశానికెక్కి, 2025లో పడిపోయింది. మా రైతులు గింజలు కొనే నాథుడి కోసం రోడ్డెక్కారు. ఎక్కడో లండన్, న్యూయార్క్ బజార్లలో కదిలిన ధరకి ఇక్కడ కొబ్బరి నీడ కూడా చల్లగా ఉండదు.

వేరుశెనగ మాటకొస్తే నాకొకాయన గుర్తుకొస్తాడు. ఉద్యోగరీత్యా అనంతపురం జిల్లాలో ఏడేళ్ళున్నాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ. అక్కడ వేరుశెనగ అనరు, చెనక్కాయలంటారు, బుడ్డలంటారు. మా పక్కింటాయనకి అయిదెకరాల చేను. ఒక ఏడు విత్తిన వానలు బాగా పడ్డాయి, పూత బాగా వచ్చింది. ఊడలు దిగే సమయానికి మబ్బు మొహం చాటేసింది. ఇందాక చెప్పిన ఊడ గుర్తుందా? పైన నేల పెంకులా ఎండిపోతే అది లోపలికి దిగలేదు. దిగకపోతే కాయ లేదు. చేను చూస్తే పచ్చగానే ఉంటుంది, పెరికి చూస్తేనే తెలుస్తుంది. “ఈ ఏడు మాకు కాయ ల్యా సార్, పశువులకి ఇంత గడ్డి మాత్రం దక్కిండాది” అని నవ్వుతూ చెప్పాడు. ఆ సంక్రాంతికి ఆయన ఇంటినుంచి మాకు ఒక శేరు గింజలొచ్చాయి. అంతకుముందేటి విత్తనాల్లోంచి మిగిలినవిట. మా ఆవిడ బెల్లం పాకం పట్టి ఉండలు చేసి వాళ్ళింటికి పంపితే, పిల్లలకి పెట్టి, ఆయన ఒక్కటీ ముట్టలేదని తర్వాత తెలిసింది.

“ఎందుకు తినలేదు?” అంది మనవరాలు.

నాకు జవాబు తెలీదు. మా ఆవిడా చెప్పలేదు. రాళ్ళేరుతున్న చేట పక్కన పెట్టింది.

ఇంతలో కరెంటు పోయింది. మే నెలలో కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. గంట చూసి పిల్ల ఫ్రిజ్ తలుపు తీసింది. చాక్లెట్ గట్టిపడలేదు సరిగదా, చాకు పెడితే జారింది. దాని కళ్ళలో నీళ్ళు. “పోనీలేవే, ఉప్మా తినే చెంచాలున్నాయి గదా” అని మా ఆవిడ తలో చెంచా తెచ్చింది. ముగ్గురం పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నాం. బాగుంది, నిజంగానే బాగుంది. కాస్త చిమ్మిలి రుచి తగిలిందంటే మీరు నమ్మాలి.

సాయంత్రం పిల్ల అమ్మమ్మ వంటల పుస్తకంలో ముచ్చటైన తెలుగక్షరాలతో ఈ వంట రాసిపెట్టింది. మొన్న దేనికోసమో ఆ పుస్తకం తిరగేస్తే కంటబడింది. “కాల్చనక్కర్లేదు” అన్న మాట పక్కన మా ఆవిడ పెన్సిలుతో రాసుకుంది: “ముందే కాల్చి పంపిస్తారు.”